మన పద్దెనిమిదో శతాబ్దం ఎక్కడుంది?

మొన్న ప్రొద్దుటూరులో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు, పదో తరగతి చదువుతున్న పిల్లవాడు ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. పద్దెనిమిదో శతాబ్దపు ప్రముఖులు, కొత్త ఆవిష్కరణలు, రాజకీయ మార్పులు రాసుకు రమ్మన్నారట బడిలో. రాశాడు పాపం. 1769లో ఆవిరి యంత్రానికి పేటెంటు పొందిన జేమ్స్ వాట్, 1796లో మశూచికి టీకా వేసిన జెన్నర్, 1757 నాటి ప్లాసీ యుద్ధం, 1776లో అమెరికా స్వాతంత్ర్యం, 1789లో ఫ్రెంచి విప్లవం. అన్నీ సరైనవే.

"చాచా, ఇందులో మనోళ్ళు ఒక్కరూ లేరు. అప్పుడు మనోళ్ళు లేరా?" అని అడిగాడు.

పక్కనే కూర్చున్న వాళ్ళ నాన్న నవ్వి, "ఎందుకు లేరురా? ఈ కడప సీమను ఏలింది మన నవాబులే" అన్నాడు. "అయితే పేర్లు చెప్పు అబ్బా, రాసుకుంటా" అన్నాడు పిల్లవాడు. ఆ పెద్దమనిషికి ఒక్క పేరు కూడా గుర్తుకు రాలేదు.

ఆయన్ను తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. జమ్మలమడుగులో అడిగినా, పులివెందులలో అడిగినా మన ఇళ్ళలో ఎక్కువ చోట్ల ఇదే జవాబు వస్తుంది. "మనమూ ఏలాము" అన్న మాట ఉన్నది. ఎవరు ఏలారు, ఎట్లా ఏలారు, ఎట్లా పోగొట్టుకున్నారు అంటే మాత్రం మౌనం. ఆ మౌనం మనకు చాలా నష్టం చేసింది, ఇంకా చేస్తూనే ఉన్నది.

ముందు ఆ పిల్లవాడు అడిగిన పేర్లు చెప్పుకుందాం. 1707లో ఔరంగజేబు కన్నుమూసిన తరువాత ఢిల్లీ పట్టు సడలింది. దక్షిణాన ఎక్కడి ఫౌజుదారు అక్కడ బలపడ్డాడు. కడపలో మయానా పఠాను వంశీయుడైన అబ్దుల్ నబీఖాన్ ఈ ప్రాంతాన్ని తన చేతిలోకి తీసుకుని, సేలం దిక్కున బారామహల్ దాకా అధికారాన్ని విస్తరింపజేశాడు. 1724లో నిజాముల్ ముల్క్ హైదరాబాదు రాజ్యానికి పునాది వేసిన తరువాత కూడా కడప నవాబులు పేరుకు మాత్రమే ఆయన కింద ఉంటూ తమ ఇష్టప్రకారం నడిచారు. అప్పట్లో వారి బలం చిన్నది కాదు.

ఆ బలాన్ని దేనికి ఉపయోగించారు? 1750 డిసెంబరులో జింజీ దగ్గర నిజాం నాసిర్ జంగ్ హత్యకు గురయ్యాడు. ఆ కుట్రలో కడప, కర్నూలు, సవనూరు పఠాను నవాబులున్నారు. వారే ముజఫర్ జంగును గద్దెనెక్కించారు. రెండు నెలలు తిరగలేదు, ఇచ్చిన బహుమానాలు చాలలేదని అదే నవాబులు ఆయన మీద తిరగబడ్డారు. 1751 ఫిబ్రవరిలో రాయచోటి ప్రాంతంలో ముజఫర్ జంగ్ కూడా చనిపోయాడు. ఇద్దరు నిజాంల మరణం, అదీ మూడు నెలల లోపల! పక్కనే డేరాలో కూర్చుని అంతా చూస్తున్న ఫ్రెంచి సేనాని బుస్సీ అప్పటికప్పుడు సలాబత్ జంగును నిజాంగా నిలబెట్టాడు. మన నవాబుల తగవు తీర్చే పెద్దరికం ఆ రోజు పరాయివాడి చేతికి వెళ్ళింది. అది మన కడప సీమ మట్టి మీదే జరిగింది.

1757లో మరాఠాలతో కడప దగ్గర జరిగిన పోరులో నవాబు అబ్దుల్ మజీద్ ఖాన్ ప్రాణాలు వదిలాడు. పారిపోకుండా నిలబడి పోరాడి చనిపోయాడు కాబట్టి ఆయన ధైర్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. ఆ తరువాత వచ్చినవాడు అబ్దుల్ హలీం ఖాన్. 1779లో మైసూరు నుండి హైదర్ అలీ వచ్చి ప్రొద్దుటూరుకు అంత దూరంలో లేని దువ్వూరు దగ్గర హలీం ఖాన్ సేనను ఓడించాడు. సిద్ధవటం కోటలో తలదాచుకున్న నవాబు చివరకు లొంగిపోయాడు. ఆయనను శ్రీరంగపట్నం తీసుకుపోయారు. కడప నవాబీ అంతటితో ముగిసింది.

ఒక్క విషయం గమనించండి. ఓడినవాడు ముస్లిమే, ఓడించినవాడు ముస్లిమే. పైగా హైదరుకు కడప పరాయి ఊరు కాదు. టిప్పు తల్లి ఫాతిమా ఫఖ్రున్నిసా, కడప కోట అధికారిగా పనిచేసిన మీర్ ముయీనుద్దీన్ కుమార్తె. అంటే టిప్పుకు కడపతో అమ్మ తరఫు బంధుత్వం ఉన్నది. తరువాత 1790లో మొదలైన యుద్ధంలో అదే టిప్పు మీదికి కంపెనీతోనూ మరాఠాలతోనూ కలిసి వెళ్ళింది హైదరాబాదు నిజాం. ఆ కాలపు యుద్ధాలను మత యుద్ధాలుగా చిత్రించేవారు నేడు రెండు వైపులా ఉన్నారు. వారి లెక్క మన జిల్లా చరిత్రతో ఎక్కడా సరిపోదు. అవి రాబడి కోసం, కోటల కోసం జరిగిన యుద్ధాలు.

1792 శ్రీరంగపట్నం సంధితో కడప ప్రాంతం నిజాంకు దక్కింది. ఆయన ఈ సీమ రాబడిని ఫ్రెంచి సేనాని రేమండ్ దళాల జీతాలకు కేటాయించాడు. హైదరాబాదులో మూసారాంబాగ్ అన్న పేరు ఆ రేమండ్ పేరు నుండే వచ్చింది. మనం అటుగా ఎన్నిసార్లు పోయినా, ఒకప్పుడు జమ్మలమడుగు రైతు కట్టిన శిస్తు ఆయన సిపాయిల జీతాలకు వెళ్ళిందని ఎవరికి తడుతుంది? 1800 అక్టోబరులో నిజాం ఇంకో సంధి చేసుకుని, తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద ఈ జిల్లాలను కంపెనీకి అప్పగించాడు. మనవి దత్త మండలాలైనది ఈ విధంగానే. మొదట ఫ్రెంచి దళాల జీతాలకు, తరువాత ఇంగ్లీషు దళాల ఖర్చుకు, ఎనిమిదేళ్ళలో రెండుసార్లు మన నేల తాకట్టు వస్తువైంది.

1770లో జమ్మలమడుగులో పుట్టిన ఒక మనిషిని ఊహించుకోండి. ముప్పై ఏళ్ళు నిండేలోపల అతడు నవాబును, హైదరును, టిప్పును, నిజాంను, కంపెనీని, అయిదు ప్రభుత్వాలను చూశాడు. వీరి మధ్య పాలెగాళ్ళు వేరు. దత్త మండలాలలో ఎనభై మంది పాలెగాళ్ళు, వారి కింద ముప్పైవేల సాయుధులు ఉండేవారని లెక్క. పులివెందుల వైపు పల్లెలు వారి ధాటికి అల్లాడినవే. కంపెనీ తరఫున వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి ఆ పాలెగాళ్ళను అణచివేశాడు, పొలం పొలం కొలిపించి లెక్క రాయించాడు. మన్రో మనలను జయించినవారి మనిషి. అయినా న్యాయంగా చెప్పుకోవాలి: అంతకుముందు నలుగురు ప్రభువులు చేయని పని అది. వారు కత్తితో పాలించారు. అతడు కాగితంతో పాలించాడు.

ఇక ఆవిష్కరణల సంగతి. ఆ పిల్లవాడి జాబితాలో రాయదగిన పేరు ఒకటి మన దక్షిణాదిలోనే ఉన్నది, అది మైసూరు రాకెట్. అగ్నిబాణాలు అంతకుముందు కూడా ఉండేవి. వాటి గొట్టాన్ని ఇనుముతో చేయడం మైసూరు వారి ప్రత్యేకత. ఇనుప గొట్టంలో మందు దట్టంగా కూరవచ్చు, లోపలి ఒత్తిడికి అది పగలదు. అందుకే అది చాలా దూరం పోయేది. వెదురు కర్రకో కత్తికో కట్టి వదిలేవారు. 1780 సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర బెయిలీ సేన నాశనమైన యుద్ధంలో ఈ రాకెట్లు ఉన్నాయి. ఆ ఏడాదికి కడప ప్రాంతం హైదర్ చేతిలోనే ఉన్నదని మరువరాదు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లాలోని ఒక పాడుబడిన బావిలో 2018లో అటువంటి ఇనుప రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి.

1799 మే 4న టిప్పు వీరమరణం పొందాడు. శ్రీరంగపట్నంలో దొరికిన రాకెట్లు ఇంగ్లాండుకు చేరాయి. అక్కడ ఊలిచ్ ఆయుధశాలలో విలియం కాంగ్రీవ్ వాటిని పరీక్షించాడు, మార్చాడు, కొలతలు రాసుకున్నాడు. 1807 నాటికే తన రాకెట్ గురించి పుస్తకం అచ్చువేశాడు. అదే ఏడు కోపెన్‌హాగెన్ నగరం మీద ఇంగ్లీషు రాకెట్లు కురిశాయి. 1814లో అమెరికాలోని బాల్టిమోర్ కోట మీద పడిన రాకెట్ల ప్రస్తావన ఆ దేశపు జాతీయగీతంలో నేటికీ ఉన్నది. మన అబ్దుల్ కలాం గారు యువకుడిగా శిక్షణ కోసం అమెరికా వెళ్ళినప్పుడు వాలప్స్ రాకెట్ కేంద్రం గోడ మీద టిప్పు రాకెట్ల చిత్రాన్ని చూసి ఆశ్చర్యపోయిన సంగతి తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ చిత్రాన్ని చూసి గర్వించడానికి కూడా మనవాడు అంత దూరం వెళ్ళవలసి వచ్చింది.

రాకెట్ చేసిన ఆ కమ్మరులు, మందు కూరిన ఆ పనివాళ్ళు ఎవరు? ఏ ఊరివారు? ఒక్కరి పేరూ మనకు రాలేదు. కాంగ్రీవ్ పేరు లోకమంతటికీ తెలుసు. టిప్పు పుస్తకాలంటే ప్రాణమిచ్చేవాడు, ఆయన గ్రంథాలయంలో సుమారు రెండువేల రాతప్రతులుండేవి. ఆయన పోయాక వాటి పట్టికను చార్లెస్ స్టీవర్ట్ అనే ఇంగ్లీషు పండితుడు తయారుచేశాడు, అది 1809లో ఇంగ్లాండులో అచ్చయింది. మన సుల్తాను చదివిన పుస్తకాల పేర్లు మనకు తెలిసింది కూడా వారి అచ్చు పుణ్యమే!

మనవారికి తెలివి తక్కువైందా? లేదు. ఆ పిల్లవాడి జాబితాలోని జెన్నర్‌నే తీసుకుందాం. అతడికంటే ఎనభై ఏళ్ళ ముందు టర్కీలో ముసలమ్మలు మశూచి రాకుండా పిల్లల చేతికి చిన్న గాటు పెట్టి మందు ఎక్కించేవారు. ఇంగ్లీషు రాయబారి భార్య లేడీ మేరీ మాంటెగ్ 1717లో అది చూసి, ఇంటికి ఉత్తరాలలో రాసింది. తన కొడుక్కి అక్కడే వేయించింది. తరువాత 1721లో కూతురికి లండనులో వేయించింది. ఆ ముసలమ్మల పేర్లు ఎవరికి తెలుసు? రాసిన ఆమె పేరు నిలిచింది.

అదే టర్కీలో ఇంకో కథ ఉన్నది. ఐరోపాలో అచ్చుయంత్రం 1450 ప్రాంతంలో వచ్చింది. ఇస్తాంబుల్‌లోనే యూదులు, క్రైస్తవులు తమ ముద్రణాలయాలు పెట్టుకున్నారు. ముస్లింలు మాత్రం టర్కీ భాషలో పుస్తకాలు అచ్చువేసుకోవడానికి 1727 దాకా ఆగారు. ఇస్లాం స్వీకరించిన హంగరీ దేశస్థుడు ఇబ్రాహీం ముతఫర్రికా పట్టుబట్టి సుల్తాను ఫర్మానా, షేఖుల్ ఇస్లాం ఫత్వా సంపాదించి, 1729లో ఒక నిఘంటువుతో పని ప్రారంభించాడు. అదీ ధార్మిక గ్రంథాలు అచ్చువేయకూడదనే షరతు మీద. 1742 వరకు ఆ యంత్రం మీద వెలువడినవి పదిహేడు పుస్తకాలు. పదిహేడంటే పదిహేడే! అవతల ఐరోపాలో అదే కాలంలో పుస్తకాలు వేలల్లో వస్తున్నాయి. దీనికి ఇతరులను నిందించే అవకాశం లేదు.

విచారకరమైన విషయం ఏమంటే, రాయడమన్నది మన ధర్మానికి కొత్త కాదు. మహాప్రవక్త ముహమ్మద్ (స) పై అవతరించిన తొలి వాక్కు చదవమనే ఆజ్ఞతో మొదలవుతుంది. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏ విషయం గురించి? బఖరా సూరాలో ఉన్న ఆ ఆయత్ నమాజు గురించో రోజా గురించో కాదు, అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కాగితం రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని, చిన్న మొత్తమైనా పెద్ద మొత్తమైనా రాయడానికి బద్ధకించకూడదని చెప్పేది. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో చదువు వచ్చినవారు పదేసి మంది మదీనా పిల్లలకు చదువు నేర్పితే, అదే వారి విడుదలకు పరిహారమని ప్రవక్త (స) నిర్ణయించారు. శత్రువు దగ్గరైనా సరే విద్య తీసుకోమన్నారు. ఆ ఉమ్మత్‌కు చెందిన నవాబులు ఫిరంగి కావాలంటే పోతపోసేవాడిని అద్దెకు తెచ్చుకున్నారు, యుద్ధం చేయాలంటే ఫ్రెంచివాడికి జీతమిచ్చారు. ఆ విద్యను తమ పిల్లలకు నేర్పే బడిని మాత్రం పెట్టలేదు.

మన జిల్లాకే తిరిగి వద్దాం. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు తాళపత్రాలను వెతికించి, సొంత జీతంలోంచి పండితులకు డబ్బిచ్చి, నకళ్ళు రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించాడు. తెలుగువారంతా నేటికీ ఆయనకు కృతజ్ఞులు. కడపలో ఆయన పేరిట పరిశోధన కేంద్రం ఉన్నది. మన ఇళ్ళలో ఉన్న ఫార్సీ, దక్కనీ కాగితాలకు మాత్రం అటువంటి బ్రౌన్ దొర దొరకలేదు. 1837లో కంపెనీ ప్రభుత్వం ఫార్సీని అధికార భాష స్థానం నుండి తొలగించింది. రెండు మూడు తరాలు గడిచేసరికి తాత రాసిన కాగితాన్ని మనుమడు చదవలేని స్థితి వచ్చింది. తహసీల్దారు, జమాబందీ, దస్తావేజు, ఫిర్యాదు, జవాబు, ఈ మాటలు మాత్రం తెలుగువారందరి నోట మిగిలాయి.

ఇదంతా పాత చరిత్రే కదా అనుకునేవారికి ఒక్క మాట. నవాబుల కాలంలో మసీదులకు, దర్గాలకు, ఈద్గాలకు, ఖాజీలకు ఇనాంలు ఇచ్చే ఆచారం ఉండేది. కంపెనీ వచ్చాక, తరువాత 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ వచ్చాక, ఆధారం ఏదని అడిగారు. కాగితం చూపించినవారికి, అనుభవం రుజువు చేసినవారికి టైటిల్ డీడు వచ్చింది. ఆ వివరాలు ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఎక్కాయి. చూపించలేనివారి సంగతి వేరే చెప్పాలా? 1956లో ఇనాంల రద్దు చట్టం వచ్చింది. నేటికీ ఒక మసీదు భూమి గురించి కోర్టులో తగాదా వస్తే వకీలు అడిగే మొదటి కాగితాలలో ఆ రిజిస్టరు నకలు ఒకటి. 2025లో వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం, రిజిస్టరైన ప్రతి వక్ఫ్ వివరాలనూ ఆరు నెలల లోపల కంప్యూటరు పోర్టల్‌లో నమోదు చేయాలని నిర్దేశించింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అనే చర్చ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ చట్టం మీద నాకూ అభ్యంతరాలున్నాయి. కానీ ఆ అభ్యంతరాలు చెప్పుకోవడానికైనా చేతిలో కాగితం ఉండాలి. మీ వీధి మసీదుకు ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబరు, టైటిల్ డీడు నంబరు ఎంత అని ముతవల్లీని అడిగి చూడండి. అడిగితే కోపగించుకునేవారు కొందరున్నారు. అయినా అడగండి.

కొందరు పెద్దలు అంటారు, "నవాబుల తప్పులు ఎందుకు తవ్వడం, అసలే మనవాళ్ళు కుంగిపోయి ఉన్నారు, గొప్పలే చెప్పండి" అని. వారి బాధ అర్థం చేసుకోదగినదే. అయితే గొప్పలు మాత్రమే విన్న పిల్లవాడు బడిలో ఒక ప్రశ్న ఎదురైతే నిలబడలేడు. జింజీ దగ్గర ఏం జరిగిందో, దువ్వూరు దగ్గర ఏం జరిగిందో ఇంట్లోనే విన్న పిల్లవాడు తడబడడు. పైగా అబ్దుల్ మజీద్ ఖాన్ తెగువ, టిప్పు పట్టుదల, ఆ పేరులేని కమ్మరుల నైపుణ్యం, ఇవన్నీ నిజాలే. నిజమైన గొప్పకు అబద్ధం తోడు అవసరం లేదు.

మళ్ళీ ఆ ఇంటి సంగతి. భోజనాలయ్యాక ఇంటి పెద్దామె, పిల్లవాడి దాదీ, మా మాటలన్నీ విని లోపలికి వెళ్ళి అటక మీది ట్రంకు పెట్టె దింపించింది. అందులో గుడ్డలో చుట్టిన నాలుగు కాగితాలున్నాయి. "మీ దాదా వీటిని పారేయొద్దన్నాడు, ఎందుకో చెప్పలేదు" అన్నది. చెదలు అంచులు తినేశాయి. షికస్తా రాత, పైన గుండ్రటి మొహరు. నాకు వచ్చిన కొద్దిపాటి ఫార్సీతో పూర్తిగా చదవడం సాధ్యం కాలేదు. ఒకదాని మీద మసీదు అన్న మాట, హిజ్రీ 1191 అన్న అంకె తెలిశాయి. అంటే 1777. హలీం ఖాన్ ఇంకా కడపలో ఉన్నాడు, హైదర్ దువ్వూరుకు రావడానికి రెండేళ్ళు ఉన్నది.

వాటికి ఫోటోలు తీయించి, విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడు ఒకరికి పంపాము. అసలు కాగితాలను ఎవరి చేతికీ ఇవ్వవద్దని, లామినేషన్ చేయించవద్దని, పొడి గుడ్డలో చుట్టి వేపాకు వేసి ఉంచమని చెప్పాను. కలెక్టరేట్ రికార్డు రూములో ఇనాం రిజిస్టరు నకలుకు దరఖాస్తు ఎట్లా పెట్టాలో తండ్రి రాసుకున్నాడు. పిల్లవాడు మాత్రం నోటుపుస్తకంలో జేమ్స్ వాట్ పేరు కింద ఒక గీత గీసి, హలీం ఖాన్ పేరు రాసి, "చాచా, మొహరులో ఉన్న పేరు కూడా తెలిస్తే ఫోన్ చెయ్యండి, సోమవారం లోపల" అన్నాడు.